కసిరేవారు, ఉడుక్కొనేవారు: తెలుగు కోపక్రియల్లో అంతస్తు, నిండుదనం

వ్యాససంగ్రహం: కోపాన్ని తెలిపే క్రియలను తెలుగు నిఘంటువులు ఎక్కువగా ‘కోపించు’ అనే ఒక్క అర్థానికి కుదిస్తాయి. ఆ క్రియలు తీసుకొనే విభక్తులను, వాటికి చేరే ‘పడు’, ‘కొను’, ‘ఆడు’ అనే క్రియలను గమనిస్తే మరో సంగతి బయటపడుతుంది. కోపాన్ని ఎదుటివారి మీదికి పంపే క్రియలు పై అంతస్తువారికి, కోపాన్ని లోపలే నింపుకొనే క్రియలు కింది అంతస్తువారికి దక్కాయి. గోదావరి డెల్టా వాడుకను, తిరుపతి వేంకటకవుల పద్యాన్ని, మొగల్తూరులో పుట్టిన ఇద్దరు నటుల చిత్రాలను ఆధారంగా తీసుకొని ఈ విభజనను పరిశీలించటం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: కోపక్రియలు, అలుగు, ఉడుకు, పొంగు, అనుభోక్త, మధ్యమండలం, మొగల్తూరు.

1. ఉపోద్ఘాతం

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురానికి చేరువలో ఉన్న మొగల్తూరు ఒకప్పుడు జమీందారీ కేంద్రం. పొలాలకు నీరు గోదావరి కాలువల నుంచి వస్తుంది. అదే మండలంలోని పేరుపాలెం దగ్గర బంగాళాఖాతం కనిపిస్తుంది. తెలుగు తెర మీద కోపానికి ముఖాలుగా నిలిచిన కృష్ణంరాజు (1940–2022), చిరంజీవి (జననం 1955) ఇద్దరూ ఈ ఊరిలోనే పుట్టారు. పైనుంచి కిందికి మాట పడే జమీందారీ సమాజం, గట్టు నిలిస్తేనే బతికే నేల, గట్టు తెగినట్టు కోపగించే కథానాయకులు ఒకే ఊరి చరిత్రలో కలవటం యాదృచ్ఛికమే. అయినా కోపక్రియలను పరిశీలించేవారికి ఈ ఊరు అనువైన చోటు.

భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక విభజన ప్రకారం ఉభయ గోదావరులు కృష్ణా, గుంటూరు జిల్లాలతో పాటు మధ్యమండలంలోకి వస్తాయి. ఆధునిక ప్రామాణిక భాషకు ప్రధానాధారమైన మండలం ఇది. అందువల్ల ఇక్కడి వాడుకలోని విశేషాలు మాండలికంగా కాక మామూలు తెలుగుగానే చెవికి ఆనుతాయి. తెలంగాణ ‘గుస్సా’ను గుర్తుపట్టి రాసుకొనే పరిశోధకుడు కోస్తా ‘కోప్పడు’ను పట్టించుకోడు. ఆ క్రియలోనే అసలు సంగతి ఉంది.

2. కోపించు అనే గంపగుత్త

కినియు, అలుగు, కనలు, రోషించు, ఆగ్రహించు. సంప్రదాయ నిఘంటువుల్లో వీటన్నిటికీ ఎదుట తిరిగి తిరిగి కనిపించే అర్థం ‘కోపించు’. పద్యం చదువుకొనేవారికి ఆ సాయం చాలుతుంది. క్రియ స్వభావం తెలుసుకోవాలంటే మాత్రం చాలదు. ‘కనలు’లో నిప్పు ఉంది, తమిళంలో కనల్ అంటే నేటికీ నిప్పే. ‘కినియు’లో నిప్పు లేదు, నొచ్చుకోవటం ఉంది. ‘అలుగు’లో ఎదుటివారు వచ్చి బతిమాలాలన్న ఆశ ఉంది. ఈ తేడాలు సందర్భంలో తెలిసిపోతాయని నిఘంటుకారులు వదిలేశారు. కోపించు అనే మాట గంపలా అన్నిటినీ మూసింది.

వాక్యనిర్మాణంలోకి దిగితే మొదట కనిపించే తేడా కర్తది. ‘నాకు కోపం వచ్చింది’, ‘నాకు చిర్రెత్తింది’, ‘నాకు ఒళ్ళు మండింది’ అనే వాక్యాల్లో కోపగించిన మనిషి ‘కు’ విభక్తితో వస్తాడు. వ్యాకరణం అతణ్ణి కర్తగా కాక అనుభోక్తగా చూస్తుంది. కోపం జ్వరంలాగా, ఆకలిలాగా వచ్చి పడుతుంది. తెప్పించినవారే తప్ప తెచ్చుకొన్నవారు బాధ్యులు కారు. దీనికి ఎదురుగా ‘కసిరాడు’, ‘గద్దించాడు’, ‘కోప్పడ్డాడు’, ‘మండిపడ్డాడు’ అనే వాక్యాల్లో మనిషి కర్త. ఇక్కడ కోపం అతను చేసిన పని.

‘కోప్పడు’ విషయంలో ఈ తేడా మరీ పదునుగా ఉంటుంది. ‘కోపం’, ‘పడు’ కలిసి ఏర్పడిన మాట కనుక ‘బాధపడు’, ‘సిగ్గుపడు’లతో పాటు ఇది అకర్మకం కావాలి. కాని ‘అమ్మ నన్ను కోప్పడింది’ అంటారు. అనుభవాన్ని చెప్పవలసిన క్రియ ద్వితీయా విభక్తిని తీసుకొని ‘మందలించు’ అనే అర్థంలోకి జరిగింది. మాస్టారు పిల్లల్ని కోప్పడతారు. అత్త కోడల్ని కోప్పడుతుంది. కామందు పాలేరును కోప్పడతాడు. ఈ వాక్యాలను తిరగవేస్తే ‘పాలేరు కామందును కోప్పడ్డాడు’ అని వస్తుంది. వ్యాకరణం దీన్ని అడ్డుకోదు, వాడుక అడ్డుకొంటుంది. వినేవారు నవ్వుతారు, లేదా ఆ పాలేరు ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ముసలివాడై ఉండాలని ఊహిస్తారు. అయిదేళ్ళ పిల్ల తండ్రిని కోప్పడిందని మురిపెంగా చెప్పుకోవటం కూడా ఈ నియమాన్ని బలపరుస్తుంది. తారుమారైంది కాబట్టే అందులో ముచ్చట ఉంది.

3. పడు, కొను, ఆడు

‘పడు’ రెండు రకాలుగా పనిచేస్తుంది. ‘చిరాకుపడు’లో అది అనుభవవాచకం. ‘మండిపడు’, ‘విరుచుకుపడు’, ‘ఎగిరిపడు’లలో అది నిజంగానే పడటం, అంటే ఎదుటివారి మీద పడటం. అందుకే ఈ క్రియలు ‘మీద’ను వెంట తెచ్చుకొంటాయి. నేటి పత్రికల్లో ప్రతిపక్షం అధికారపక్షం మీద రోజూ మండిపడుతుంది కాబట్టి ఆ క్రియలోని మంట ఎప్పుడో ఆరిపోయింది. ‘నిప్పులు చెరిగారు’ గతీ అదే. చేటతో బియ్యం చెరిగే చేతి ఊపు, ఊకకు బదులు నిప్పురవ్వలు ఎగిరిపడే దృశ్యం అందులో ఉన్నాయని శీర్షిక చదివేవారిలో ఎందరికి తడుతుంది?

‘కొను’ చేరిన క్రియలు దిశ మార్చుకొంటాయి. ఉడుక్కొను, నొచ్చుకొను, ముఖం మాడ్చుకొను, పళ్ళు నూరుకొను, దిగమింగుకొను. కోపం బయలుదేరిన చోటికే తిరిగివస్తుంది. కూరను మాడ్చినవాడు పని చేశాడు. ముఖం మాడ్చుకొన్నవాడు తన మీద తానే పని చేసుకొన్నాడు. డెల్టా పెరళ్ళలో పండే కంద కూడా ఈ వరసలో చోటు చేసుకొంది. ముఖం కందగడ్డ చేసుకొన్నవాడు నోరు విప్పడు, రంగు మాత్రమే మారతాడు. ‘విసుక్కొను’ ఒక్కటి ఈ పంక్తిలో ఉంటూనే ‘మీద’ను కూడా తీసుకొంటుంది. అడిగినదే అడిగేవారి మీద, నెలల తరబడి మంచాన ఉన్నవారి మీద విసుక్కొంటారు. అందులో కోపం కన్న అలసట ఎక్కువ. ఆ కోపానికి విసుక్కొన్నవారే తరువాత నొచ్చుకొంటారు. విసుగుకు ‘కొను’ తగిలించటంలో భాష చూపిన సున్నితత్వం ఇది.

‘సణుగు’, ‘గొణుగు’ అనే క్రియలు ఈ రెండింటికీ నడిమివి. మాట బయటికి వస్తుంది కాని దానికి చిరునామా ఉండదు. కసరటానికి కర్మ కావాలి, సణగటానికి అక్కర్లేదు. వినపడీ వినపడనట్టు మాట్లాడవలసిన స్థితిలో ఉన్నవారే సణుగుతారు.

‘ఆడు’ చేరే క్రియలు ఈ వ్యాసానికి ఇంకా ముఖ్యం. రుసరుసలాడు, చిటపటలాడు, ధుమధుమలాడు, కుతకుతలాడు మొదలైనవన్నీ ధ్వన్యనుకరణ పదానికి ద్విరుక్తి, బహువచనం, ఆపై ‘ఆడు’ చేరి ఏర్పడ్డాయి. ఇదే అచ్చులో పోసిన మరికొన్ని మాటలు ఉన్నాయి. జాతరలో జనం కిటకిటలాడతారు. పెళ్ళిళ్ళ నాడు ఇల్లు కళకళలాడుతుంది. వాటిలో కోపం లేదు, నిండుదనం ఉంది. పాత్ర నిండి మూత అదిరే స్థితికీ, మనసు నిండి పెదవి అదిరే స్థితికీ తెలుగు ఒకే పదనిర్మాణాన్ని వాడుకొంది. కోపం, నిండుదనం పక్కపక్కన నిలిచేది కవుల ఉపమల్లోనే కాదని, పదనిర్మాణంలోనే ఆ బంధుత్వం ఉందని దీనివల్ల తెలుస్తుంది.

4. అలక: నీరు పోయే దారి

అలిగే హక్కు అందరికీ లేదు. పెళ్ళిళ్ళలో అలకపాన్పు ఎక్కేది అల్లుడే. కానుక చేతికి వచ్చేదాకా దిగడు, దిగనందుకు ఎవరూ తప్పుపట్టరు. కైక చేరిన క్రోధాగారాన్ని తెలుగువారు ‘అలకగృహం’ అన్నారు. సంస్కృతంలో క్రోధంగా ఉన్నది తెలుగులో అలక కాగానే అందులోకి చనువు వచ్చి కూర్చొంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ అలక నిప్పు, పాము అనే రెండు ఉపమానాలతో లేస్తుంది. నెయ్యి పడ్డ మంటతోనూ దెబ్బతిన్న ఆడుపాముతోనూ కవి ఆమెను పోల్చాడు. నిండి పొంగటం అక్కడ లేదు, ఆ అవసరమూ లేదు. ఆమె కోపానికి ఆలస్యం లేదు. ఎదుట కృష్ణుడు బతిమాలటానికి సిద్ధంగా ఉన్నాడు. అలకకు ‘తీర్చు’ అనే క్రియ జంట. తీర్చేవారు లేని చోట అలక ఉండదు. ‘పాలేరు కామందు మీద అలిగాడు’ అనే వాక్యం అందుకే నిలబడదు. మర్నాడు పనిలోకి రాకపోతే కూలి పోతుందే తప్ప బతిమాలటానికి ఎవరూ రారు.

‘అలుగు’కు నామవాచకంగా మరో అర్థం ఉంది. చెరువు నిండినప్పుడు మిగులు నీరు పోవటానికి కట్టలో వదిలిన దారిని అలుగు అంటారు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ వానలు బాగా పడిన ఏడు చెరువులు అలుగు పారుతాయి. ధ్వనిసామ్యం వ్యుత్పత్తికి సాక్ష్యం కాదు. రెండు అలుగుల మూలం ఒకటేనని చెప్పటానికి ఈ పోలిక చాలదు. కాని రెండు చేసే పని ఒకటే. అలుగు ఉన్న చెరువు నిండినా తెగదు. అలిగే హక్కు ఉన్నవారి కోపం కూడా ఒప్పుకొన్న దారిన పోయి ఇంటిని నిలుపుతుంది. ఆ దారి లేనివారి సంగతి ఏమిటన్న ప్రశ్నకు డెల్టా భాషలో సమాధానం దొరుకుతుంది.

5. నిండు, పొంగు, తెంచుకొను

‘నిండు’ మంచి మాట. కడుపు నిండింది, మనసు నిండింది, నిండు గర్భిణి, నిండు కుండ. వీటిలో ఎక్కడా కోపం లేదు. నిండటం తరువాతి స్థితిలో కోపం మొదలవుతుంది. పొంగు, పొర్లు, ఉబుకు, పెల్లుబుకు, కట్టలు తెంచుకొను అనే క్రియలు ఆ స్థితికి చెందినవి. చివరిది ఏటిగట్టు ఎరిగిన జనం మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టా జీవితం కాలువగట్ల మధ్య సాగింది. వరద నాళ్ళలో ‘గండి పడింది’ అనే కబురు కన్న భయంకరమైనది వారికి లేదు. 1986 ఆగస్టు వరదను చూసిన తరానికి కట్ట తెగటం అంటే అలంకారం కాదు. ఇచ్చిపుచ్చుకోవటం రెండు వైపులా సాగింది. మనిషికి నది తన క్రియలను ఇస్తే, నదికి మనిషి తన కోపాన్ని ఇచ్చాడు. వరదగోదావరి ఏటా ‘ఉగ్రరూపం’ దాలుస్తుంది, తగ్గిన తరువాత ‘శాంతిస్తుంది’.

ఈ క్రియల కర్తను కూడా గమనించాలి. ‘అతను కట్టలు తెంచుకొన్నాడు’ అనరు. ‘అతని కోపం కట్టలు తెంచుకొంది’ అంటారు. పొంగేది ఆవేశం, పెల్లుబికేది ఆగ్రహం. మనిషి పాత్రగా మిగులుతాడు. తరచు ఆ పాత్ర ఒక మనిషి కూడా కాదు, ‘జనం’. జనాగ్రహం పెల్లుబికిందంటారు గాని ఫలానా కూలివాడు పెల్లుబికాడనరు. కసిరే మనిషికి పేరుంటుంది. పొంగేవారికి సంఖ్య మాత్రమే ఉంటుంది.

తిరుపతి వేంకటకవులు ఇద్దరూ గోదావరి మండలం వారే. దివాకర్ల తిరుపతిశాస్త్రి భీమవరం ప్రాంతపు యెండగండిలోను, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి కడియంలోను పుట్టారు. పాండవోద్యోగంలో కృష్ణుడు కౌరవసభలో చెప్పే పద్యాల్లో ‘అలుగు’ క్రియను తెలుగువారి నోట శాశ్వతంగా నిలిపినది ఒకటుంది. అలగటమే ఎరగని ధర్మరాజు అలిగితే ఏమవుతుందన్నది దాని విషయం. ఎన్ని వేదికల మీద ఎందరు నటులు రాగం తీసినా ఆ పద్యంలోని క్రియ ఎంపిక మీద విమర్శకుల దృష్టి తగినంతగా పడలేదు. కవులకు కినియు, కనలు వంటి క్రియలు అందుబాటులో ఉన్నాయి. వాటిని కాదని అలుగును ఎంచుకొన్నారు. ధర్మరాజు కోపం బయటివాడి కోపం కాదని, దాయాది కోపమని, తీర్చటానికి ఇంకా వేళ మించలేదని ఆ ఒక్క క్రియ సభకు చెబుతుంది. రాయబారం సారమంతా అందులో ఉంది. ఇక ఆ అలక ఫలితం నిప్పుగా రాదు. సముద్రాలన్నీ ఒకటైపోతాయంటాడు కృష్ణుడు. గట్టులన్నీ పోయి నీరు నీటితో కలవటం అది. ఓర్చుకొన్నవాడి కోపం మంటగా కాక ముంపుగా ఊహకు రావటంలో కావ్యసంప్రదాయం పాత్ర ఎంతైనా ఉండవచ్చు. వరద ఎరిగిన నేల పాత్రను కూడా తోసిపుచ్చనక్కర్లేదు.

ఇక్కడొక ఆక్షేపణకు తావుంది. ధర్మరాజు రాజు, కింది అంతస్తువాడు కాడు. నిజమే. అయితే రాయబార ఘట్టంలో అతను రాజ్యం లేనివాడు, అయిదూళ్ళు అడిగి లేదనిపించుకొన్నవాడు. అంతస్తు అంటే పుట్టుకే కాదు, ఆ క్షణంలో ఎవరి చేతిలో ఏముందన్నది కూడా.

6. తెర మీద

బాపు దర్శకత్వంలో 1978లో వచ్చిన ‘మన వూరి పాండవులు’ చిత్రానికి కన్నడంలో పుట్టణ్ణ కణగాల్ తీసిన ‘పడువారళ్ళి పాండవరు’ మూలం. తెలుగు మాటలు ముళ్ళపూడి వెంకటరమణవి, ఆయనది ధవళేశ్వరం. ఊరిని గుప్పిట పెట్టుకొన్న పెద్దగా రావు గోపాలరావు, అయిదుగురు యువకులను అతనికి ఎదురు నిలిపే కృష్ణగా కృష్ణంరాజు, ఆ అయిదుగురిలో పార్థుగా అప్పుడే తెరకు పరిచయమవుతున్న చిరంజీవి నటించారు. మొగల్తూరు వారిద్దరూ కృష్ణార్జునులుగా ఒకే కథలో నిలిచారు.

ఈ కథలో కృష్ణుడి పాత్ర చేసే పనికి తెలుగులో కచ్చితమైన క్రియ ఉంది: ‘ఉడికించు’. ‘ఉడుకు’కు ప్రేరణరూపం. ఇళ్ళల్లో బావమరదళ్ళు ఒకరినొకరు ఉడికిస్తారు. గోదావరి వాడుకలో అది ఒక వినోదం. ఉడికించేవాడికి నవ్వు, ఉడుక్కొనేవాడికి ఉక్రోషం, ఇద్దరికీ చనువు. భారతంలో శాంతి మాట్లాడిన భీముణ్ణి కృష్ణుడు ఇలాగే దెప్పి ఉడికిస్తాడు. సినిమాలో కృష్ణ చేసేదీ దానికి దూరం కాదు. అయితే ఇంటి వేళాకోళంలో ఉన్న క్రియ ఊరి రాజకీయంలోకి వచ్చేసరికి దాని అర్థం బరువెక్కింది. లోపల కుతకుతలాడటానికి మాత్రమే అలవాటుపడ్డవారి కింద ఇంకొంచెం మంట పెట్టటం, మూత ఎగిరేదాకా పెట్టటం అతని పని. కోపాన్ని కృష్ణ కొత్తగా పుట్టించలేదు. ఊరిలో అది ముందే ఉంది. కర్త లేకుండా ఉంది.

1983లో ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘ఖైదీ’లోనూ ఊరి పెద్ద రావు గోపాలరావే. ఎదురు నిలిచేవాడు మాత్రం ఒక్కడు. అయిదేళ్ళలో పాండవుల్లో ఒకడు ఒంటరి సూర్యం అయ్యాడు. మొదటి చిత్రంలో కోపం ఊరిలో పేరుకొని నిండుతుంది. రెండవ దానిలో ఒక్క శరీరంలో మండుతుంది. పొంగే క్రియల నుంచి మండే క్రియల్లోకి తెలుగు కథానాయకుడు జరిగిన దూరం ఇది. ఆ జరగటంలో లాభం కూడా ఉంది. కింది అంతస్తువాడి కోపానికి పేరూ ముఖమూ వచ్చాయి. ‘మండిపడు’ అనే క్రియకు అతను కర్త అయ్యాడు. నష్టం ఏమిటంటే ఆ కర్తృత్వం నటుడిది అయింది. హాలులో నిండిన వేలమంది మళ్ళీ అనుభోక్తలుగానే మిగిలారు. వారికి ఆవేశం ‘వచ్చింది’, మూడు గంటల తరువాత పోయింది. ‘ఖైదీ’ని విజయంగా లెక్కించిన విమర్శ ఈ రెండవ సంగతిని పెద్దగా తలపెట్టలేదు.

కృష్ణంరాజుకు దక్కిన బిరుదు ‘రెబల్ స్టార్’. బిరుదులకు ఇంగ్లీషు అలవాటైన కాలం కనుక దీని మీద ఎక్కువ బరువు మోపకూడదు. అయినా ఆ మాటకు తెలుగు వెతికితే దొరికేది ‘తిరుగుబాటు’, దాని వెనక ‘తిరగబడు’, ‘ఎదురుతిరుగు’. వీటిలో నిప్పూ లేదు, నీరూ లేదు. ఒంగి అటు చూస్తున్న మనిషి ఇటు తిరగటం ఒక్కటే ఉంది. కింది అంతస్తువాడి కోపం బయటికి వచ్చే ఆ ఒక్క దారినీ భాష కోపక్రియల్లో చేర్చలేదు, చలనక్రియల్లో చేర్చింది. అతను తిరగబడ్డాడని చెప్పినప్పుడు కోపం వచ్చిందని వేరే చెప్పాలి. కసిరినవాడి విషయంలో ఆ అవసరం లేదు.

7. నిఘంటువులో రాయవలసినది

కడుపుకు సంబంధించిన రెండు వాడుకలను పక్కన పెట్టుకొంటే ఈ విభజన మూలం కొంత తెలుస్తుంది. కడుపు నిండు, కడుపు మండు. ఒక్క అక్షరం తేడాతో ఎదురెదురుగా నిలిచిన జంట. ‘ఒళ్ళు మండు’ అవమానానికి చెందినది, ఎవరికైనా మండవచ్చు. ‘కడుపు మండు’లో అన్యాయం, ఆకలి, అసూయ మూడూ కలిసి ఉన్నాయి. చెప్పేవారి నోట అది న్యాయమైన కోపం. కడుపు నిండినవారు అదే కడుపుమంటను ఓర్వలేనితనంగా వాడుకొంటారు. ఒకే మాటకు రెండు వైపుల నుంచి రెండు అర్థాలు వచ్చాయి. నిఘంటువు ‘అసూయ’ అని ఒక్కటే రాస్తే రెండవ వైపు మాత్రమే రాసినట్టు.

కోపక్రియల ఆరోపంలో అర్థంతో పాటు కర్త, కర్మల అంతస్తు, విభక్తి, దిశ చేరాలి. ‘కోప్పడు’ దగ్గర సకర్మకమని, కర్త వయసులోనో హోదాలోనో పెద్ద అని, తలకిందులైతే హాస్యమో మురిపెమో ధ్వనిస్తుందని ఉండాలి. ‘అలుగు’ దగ్గర తీర్చేవారు ఉండాలన్న నియమం కావాలి. ‘ఉడుక్కొను’ దగ్గర కర్త చిన్న అని, ఉడికించినవారు పెద్దో సమానులో అని రాయవచ్చు. ‘మీద’ వచ్చే చోటు అక్కడ ఖాళీగా ఉంచాలి. పాలేరు ఉడుక్కొన్నాడన్న వాక్యంలో ఎవరి మీద అన్న ప్రశ్నకు వాడుక చోటు ఇవ్వలేదు.